రెండో సిలిండర్ పలకలేదు: కారు మిస్సింగ్‌ని ఇంట్లోనే పట్టుకున్న నా అనుభవం

మూడు సిలిండర్ల కారులో ఒకటి మొరాయిస్తే ఆ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బలంలో మూడో వంతు పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు వణుకుతుంది, సైడ్ అద్దాలు వణుకుతాయి, డాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడు కూడా తలాడిస్తాడు. మాది 2014 మోడల్ చిన్న కారు, 998 సీసీ పెట్రోలు ఇంజిన్. ఉండేది అంబాజీపేట దగ్గర పల్లెలో, రోజూ అమలాపురం వెళ్ళి రావాలి. ధనుర్మాసం మంచు పట్టిన రోజుల్లో బండి మిస్సింగ్ కొట్టడం, అంటే ఒక సిలిండర్ తన వంతుకి మండకుండా ఊరుకోవడం మొదలుపెట్టింది.

తమాషా ఏమిటంటే, ఎప్పుడూ కొట్టేది కాదు. ఇంటి దగ్గర స్టార్ట్ చేస్తే బుద్ధిగా ఉండేది. కాలవగట్టు మీద గతుకుల్లో పడ్డాక ఉన్నట్టుండి బలం పోయేది, కాసేపు గునిసి, మళ్ళీ దానంతటదే అందుకునేది. రాజోలు వైపు పని మీద వెళ్తూ బోడసకుర్రు వంతెన ఎక్కుతుంటే మూడో గేరులో లాగక రెండోది వేయాల్సి వచ్చింది. వెనక లారీ వాడు హారన్ ఆపలేదు. అప్పుడే చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంది.

ఆ లైటు గురించి ఒక మాట. అది నిలకడగా వెలిగితే ఏదో లోపం నమోదైందని అర్థం, ఇంటిదాకా నెమ్మదిగా రావచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం మిస్సింగ్ గట్టిగా ఉందని, ఇలాగే తోలితే సైలెన్సర్ దారిలో ఉండే కెటాలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని హెచ్చరిక. సిలిండర్లో మండని పెట్రోలు అక్కడికి పోయి మండుతుంది, ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి అమరిక కరిగిపోతుంది. కన్వర్టర్ ఖరీదు వింటే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులూ, వాటికి కరెంటు అందించే కాయిల్సూ చిల్లర ఖర్చులనిపిస్తాయి. అందుకే లైటు మిణుకుమన్నప్పుడల్లా యాక్సిలేటర్ మీద కాలు తేలిక చేసేవాణ్ణి.

తెలిసిన గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ ఇసకేస్తే రాలనన్ని కార్లు. సంక్రాంతి ముందు కోనసీమలో మెకానిక్కు దొరకడం, కోడిపందేల బరి దగ్గర పార్కింగు దొరకడం ఒకటే. ఆయన కిటికీలోంచే ఇంజిన్ విని, "మూడు కాయిల్సూ మూడు ప్లగ్గులూ మార్చేద్దామండి. అప్పటికీ పోకపోతే హెడ్డు విప్పి వాల్వులు చూడాలండి. పండగెళ్ళాక తీసుకురండి" అన్నాడు. ఆయన చెప్పింది తప్పేమీ కాదు. మిస్సింగ్ కేసుల్లో దోషులు ఎక్కువగా ప్లగ్గులూ కాయిల్సే. కానీ పాడైంది ఏదో తెలియకుండా ఆరు సామాన్లు కొనడం నాకు మింగుడు పడలేదు. పైగా పండగకి చుట్టాలని రావులపాలెం బస్టాండు నుంచి తీసుకురావాల్సింది ఈ బండి మీదే.

మా బావమరిది ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివాడు. వాడి దగ్గర ఈఎల్ఎం 327 అనే చిన్న స్కానర్ ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, బ్లూటూత్‌తో ఫోనుకి కలుస్తుంది. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి గుచ్చి ఫోన్లో యాప్ తెరిస్తే కారు కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్‌లు కనిపిస్తాయి. మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 (పొగ కాలుష్యం నిబంధన) కార్లకి ఓబీడీ-2, అంటే కారు తన లోపాల్ని తనే కనిపెట్టి రాసుకునే ఏర్పాటు, తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతి పెట్రోలు కార్లలో ఇది పనిచేయాలి. మా దాన్లో వచ్చిన కోడ్ పి0302. పి0300 అని వస్తే ఏ సిలిండరో తేల్చలేని మిస్సింగ్. చివరి అంకె 1, 2, 3 అయితే ఆ నంబరు సిలిండర్. మాది రెండోది, అంటే నడిమిది.

కంప్యూటరుకి ఎలా తెలుస్తుందని బావమరిదిని అడిగాను. క్రాంక్‌షాఫ్ట్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంకు ఒక పిసరు వేగం అందుకుంటుంది. మూడు సిలిండర్ల ఇంజిన్లో 240 డిగ్రీలకి ఒకసారి ఆ తోపు రావాలి. రాకపోతే ఎవరి వంతు తప్పిందో లెక్క చూసుకుని పేరు రాసేస్తుంది. అంటే ఆ కోడ్ చెప్పేది 'ఈ వంతులో తోపు రాలేదు' అని మాత్రమే. ఎందుకు రాలేదో చెప్పదు. పి0302 వచ్చింది కదాని రెండో కాయిల్ కొనేసుకునేవాళ్ళు బోలెడుమంది.

ఈలోగా అరుగు మీద చేరినవాళ్ళంతా ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లేనని తీర్మానించేశారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు చెమ్మని పీల్చుకుంటుందన్న మాట నిజమే, పాత బండ్లున్నవాళ్ళ బెంగా ఉత్తదేం కాదు. కానీ ట్యాంకు ఒకటే, మూడు సిలిండర్లూ తాగేది అదే పెట్రోలు. పెట్రోలు పాడైతే ముగ్గురికీ జ్వరం రావాలి గాని నడిమివాడొక్కడికే ఎందుకొస్తుంది? పంపు, ఫిల్టరు, గాలి ఫిల్టరు, థ్రాటిల్ అన్నీ ఈ ఒక్క ప్రశ్నతో పక్కకి పోయాయి. రెండో సిలిండరుకి సొంతంగా ఉన్నవి కొన్నే: దాని ప్లగ్గు, దాని కాయిల్, దానికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వాటి వైర్లు, లోపల దాని వాల్వులూ రింగులూ.

ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాం. హెడ్డు (ప్లగ్గులు కూర్చునే ఇంజిన్ పై భాగం) అల్యూమినియంది, వేడి మీద ప్లగ్గు తిప్పితే మరలు లేచిపోయే ప్రమాదం ఉంది. కారు పాకలోనే ఉంది, ఒక పక్క కొబ్బరికాయల రాశి, ఇంకో పక్క మోటారు సామాన్లు. కావలసిన పనిముట్లు పెద్దగా లేవు: 10 నంబరు బాక్సు పానా, 16 నంబరు ప్లగ్గు పానా, పొడుగు ఎక్స్‌టెన్షన్, టార్చి. కాయిల్ కనెక్టర్ల ప్లాస్టిక్ లాకులు పదేళ్ళ వేడికి అప్పడాల్లా అయిపోయి ఉంటాయి, బలంగా నొక్కితే విరుగుతాయి. బొటనవేలితో మెల్లగా నొక్కి వెనక్కి లాగాలి. కాయిల్ బోల్టు తీశాక అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగితే కింద రబ్బరు బూటుతో సహా వస్తుంది.

ముందు చూడాల్సింది ప్లగ్గు కూర్చునే గుంతలో ఏముందని. నీళ్ళుంటే కరెంటు ప్లగ్గు మొన దాకా పోకుండా పక్కకి దిగిపోతుంది. ఆయిల్ ఉంటే టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ పోయినట్టు, ఆ ఆయిల్ బూటు రబ్బరుని నానబెట్టి పాడుచేస్తుంది. మా ఇంజిన్లో మూడో గుంతలో అంచున కాస్త ఆయిల్ తడి ఉంది, రెండోది మాత్రం పొడిగా ఉంది. బూటు లోపల టార్చి వేసి నల్లటి వెంట్రుక గీత ఉందేమోనని చూశాం. ఒకసారి కరెంటు అలా దారి చేసుకుందంటే తర్వాత ఆ దారే పడుతుంది. అలాంటిదేమీ లేదు. మంచు రోజుల్లో మొదలైంది కాబట్టి చెమ్మ వల్ల కాయిల్ లీకవుతోందేమోనని నాకు గట్టి అనుమానం ఉండేది. ఈ గుంత చూశాక అది సగం పోయింది.

ఇక ప్లగ్గులు. మూడింటినీ తీసి, కలిసిపోకుండా పాత పేపరు మీద వరసలో పెట్టాం. ఈ పనిలో నాకు బాగా నచ్చినది ఇదే, తీరిగ్గా కూర్చుని చూడొచ్చు. ఒకటో ప్లగ్గు, మూడో ప్లగ్గు మొన దగ్గర మసిబారి ఉన్నాయి. చేత్తో తుడిస్తే నల్లగా పొడి అంటుతోంది. రెండోది తెల్లగా, పొడిగా, కడిగిపెట్టినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసనే లేదు. ఇది నన్ను ఆలోచనలో పడేసింది. స్పార్కు రాక మిస్సింగ్ కొడితే పెట్రోలు వచ్చిపడుతూనే ఉంటుంది కదా, ప్లగ్గు తడిసి వాసన కొట్టాలి. సైలెన్సర్ దగ్గర కూడా పచ్చి పెట్రోలు వాసన రావాలి. మాకు రెండూ లేవు.

అయినా వాసన చూసి తీర్పు చెప్పేయలేం కాబట్టి బావమరిది ఒక ఉపాయం చేశాడు. రెండో సిలిండర్ కాయిల్ని మూడోదానికి, మూడోదాని కాయిల్ని రెండోదానికి పెట్టాడు. రెండోదాని ప్లగ్గుని ఒకటోదానికి, ఒకటోదాన్ని రెండోదానికి మార్చాడు. "ఇప్పుడు కోడ్ తుడిచేసి ఒక రౌండేసి రా బావా. మూడు అని వస్తే కాయిల్ పోయింది. ఒకటి అని వస్తే ప్లగ్గు పోయింది. మళ్ళీ రెండే వస్తే ఆ రెండూ మంచివే" అన్నాడు. పైసా ఖర్చు లేకుండా ఒక్క తిరుగుడుతో రెండు ప్రశ్నలకి జవాబు.

ప్లగ్గు బిగించేటప్పుడు పానాకి హ్యాండిల్ పెట్టకుండా ముందు ఎక్స్‌టెన్షన్‌ని వేళ్ళతోనే తిప్పాలి. మర సరిగ్గా పడితే వేళ్ళకే చివరిదాకా దిగుతుంది, మధ్యలో పట్టేస్తే వెనక్కి తీసి మళ్ళీ పెట్టాలి. పాత ప్లగ్గు అయితే వేళ్ళతో ఆగిన చోటి నుంచి చాలా కొద్దిగా, ఒక చుట్టులో పన్నెండో వంతు బిగిస్తే చాలు. కొత్త ప్లగ్గుకైతే వాషరు నలగాలి కాబట్టి సగం చుట్టు పైన పడుతుంది. బలమంతా పెట్టి బిగించే సరదా ఉన్నవాళ్ళని ఈ పనికి దూరంగా ఉంచాలి.

ముక్తేశ్వరం రోడ్డులో కొంతదూరం వెళ్ళి, కావాలనే కాలవగట్టు మీదుగా తిరిగొచ్చాను. గతుకుల్లో మళ్ళీ అదే గునుపు. పాకలోకి వచ్చి స్కానర్ పెడితే పి0302. రెండే! దాని కింద ఈసారి కొత్తగా ఇంకోటి, పి0202. అంటే రెండో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్లో లోపం. ఇంతకు ముందు ఇది ఎందుకు రాలేదంటే, కనెక్షన్ పూర్తిగా తెగకుండా వచ్చిపోతూ ఉంటే కంప్యూటరుకి ఖాయం చేసుకునేంత సేపు దొరకదు. పొడి ప్లగ్గుకీ ఈ కోడ్‌కీ పొత్తు కుదిరింది. మిగతా రెండు ప్లగ్గులకి మసి ఎందుకు పట్టిందో కూడా తేలింది. రెండో సిలిండర్ ఉత్త గాలినే బయటికి వదులుతుంటే ఎగ్జాస్టులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్, పెట్రోలు చాలట్లేదని చెబుతుంది. దాంతో కంప్యూటర్ మిగతా ఇద్దరికీ ఎక్కువ పోస్తుంది. ఆ మధ్య మైలేజీ పడిపోయిందని నేను బంకు వాణ్ణి తిట్టుకున్నది దీనివల్లే.

హెడ్డు విప్పాలన్న మాట మాత్రం ఇంకా చెవిలో ఉంది. అందుకని పెట్రోలు పంపు రిలే తీసేసి, కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా సెల్ఫ్ కొట్టించాం. మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కిపట్టే బలం) సమంగా ఉంటే సెల్ఫ్ మోత ఒకే తూగులో వస్తుంది. ఒకదాన్లో వాల్వు కాలిపోయి ఉంటే ఆ వంతు వచ్చినప్పుడు మోటారు గబుక్కున తిరుగుతుంది, తూగు తప్పుతుంది. మాది సమంగానే ఉంది. గేజి పెట్టి కొలవడం అంత ఖచ్చితం కాదిది, కానీ హెడ్డు జోలికి పోనక్కర్లేదనుకోవడానికి సరిపోయింది.

మా వీధిలో వరసకి మావయ్య ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు గోదాట్లో తిరిగే లాంచీల ఇంజిన్లు చూసేవాడు. కోడ్‌లూ యాప్‌లూ ఆయనకి పట్టవు. ఈ సందడికి వచ్చి, కనెక్టర్లన్నీ పెట్టించి ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని, మొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాడు. ఇంజెక్టర్ తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. ఒకటి విన్నాడు, మూడు విన్నాడు, నడిమిదాని దగ్గర చాలాసేపు ఆగాడు. "ఒకటి కొడతంది, మూడు కొడతంది. నడిమిది నోరిప్పట్లేదల్లుడూ" అన్నాడు. స్కానర్ తెచ్చినవాడి ముఖం చూడాలి అప్పుడు.

ఇంజెక్టర్ చచ్చిందా, దానికి అందాల్సింది అందట్లేదా? ఇంజిన్ ఆపి, కనెక్టర్లు తీసి మల్టీమీటరుతో మూడు ఇంజెక్టర్ల ఓమ్స్ చూశాం. మూడూ 12కి అటూ ఇటూగా, దాదాపు ఒకేలా ఉన్నాయి. లోపలి చుట్ట తెగి ఉంటే మీటరు ఏమీ చూపించదు. కాబట్టి ఇంజెక్టర్ మంచిదే, కనీసం కరెంటు వరకూ. తర్వాత తాళం ఆన్ చేసి కనెక్టర్లో వోల్టేజీ చూశాం. ఇంజెక్టరుకి రెండు వైర్లు. ఒకదాన్లో తాళం ఆన్ చేయగానే బ్యాటరీ కరెంటు ఉంటుంది, రెండోదాన్ని కంప్యూటర్ అవసరమైనప్పుడు ఎర్త్ చేస్తుంది. కరెంటు వైరు మూడింటిలోనూ బాగానే ఉంది. మిగిలింది కంప్యూటర్ నుంచి వచ్చే వైరు. దాన్ని చూడటానికి వైరు తొక్కలో పిన్నీసు గుచ్చేవాళ్ళున్నారు. మా ఊళ్ళో, సముద్రం గాలికి, ఆ కన్నంలోంచి చెమ్మ దిగి ఆరు నెలల్లో లోపలి రాగి పచ్చబడిపోతుంది. ఆ పని వద్దన్నాను.

బావమరిది ఒక ఎల్‌ఈడీకి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ కలిపి రెండు కాళ్ళ బుల్లి దీపం తయారుచేశాడు. అది ఇంజెక్టర్ కనెక్టర్ రెండు పిన్నులకీ తగిలించి సెల్ఫ్ కొడితే, కంప్యూటర్ వైరుని ఎర్త్ చేసినప్పుడల్లా వెలగాలి. ఒకటోదాన్లో మినుకుమినుకుమంది. మూడోదాన్లోనూ అంతే. రెండోదాన్లో చీకటి. మా ఆవిడ సెల్ఫ్ కొడుతుంటే నేను ఆ వైరింగు కట్టని ఇంజిన్ వెనకవైపు దాకా పట్టుకుని ఒక్కో జానెడు కదుపుతూ పోయాను. గేరుబాక్సు పైన వంపు తిరిగే చోట చెయ్యి పడగానే బావమరిది "వెలిగింది బావా!" అని అరిచాడు. చెయ్యి తీస్తే ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే వెలిగింది.

గాలి ఫిల్టరు డబ్బా విప్పి చూస్తే, ఆ వంపు కింద చేరెడు కొబ్బరి పీచు, నమిలి వదిలేసిన కొబ్బరి ముక్కలు, ఎలక పెంటికలు. సార్వా కోతలయ్యాక చేలల్లో తిండి అయిపోయి ఎలకలు ఇళ్ళ మీద పడతాయి. పాకలో కొబ్బరి రాశి, పక్కనే రాత్రికి వెచ్చగా ఉండే ఇంజిన్. ఇంతకంటే మంచి కాపురం ఏం కావాలి? వైర్ల మీద ఉన్న ముడతల ప్లాస్టిక్ పైపుని రెండంగుళాల మేర కొరికేసింది. లోపల ఒక వైరుకి తొక్క మాత్రం పోయింది. ఇంకో వైరు దాదాపు తెగి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. ఆ పోగులు కూడా పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. గతుకుల్లో ఆ పోగులు విడిపోయేవి, కాస్త దూరం పోయాక మళ్ళీ ఆనుకునేవి.

బ్యాటరీ నెగటివ్ తీసేశాక పని మొదలుపెట్టాం. టంకం పెడదామని బావమరిది, వద్దని నేను. ఇంజిన్ మీద వైరు రోజంతా వణుకుతూ ఉంటుంది. టంకం పీల్చుకున్న చోట పోగులు కర్రలా గట్టిపడి, ఆ అంచు దగ్గరే తర్వాత విరుగుతాయి. చివరికి నొక్కుడు జాయింటే వేశాం. చిలుం పట్టిన భాగమంతా కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్ళాం. చిలుం తొక్క కింద అనుకున్నదానికంటే లోపలికి పాకి ఉంది. కత్తిరించాక పొడవు చాలక, అదే మందం ఉన్న బండి వైరు ముక్క అతికాం. ఇంటి వైరింగ్ ముక్కలు ఇక్కడ పనికిరావు, వాటి తొక్క ఇంజిన్ వేడికీ ఆయిల్‌కీ ఆగదు. జాయింట్ల మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవులు తొడిగి వేడి చేస్తే జిగురు రెండు చివర్లా పొంగి మూసుకుంది. తొక్క పోయిన రెండో వైరుకీ అదే వైద్యం. ఆపైన గుడ్డ టేపు చుట్టి, కొత్త ముడతల పైపు తొడిగి, కట్ట ఎక్కడా ఇనుముకి రాసుకోకుండా ట్యాగులతో కట్టేశాం. బుల్లి దీపం మళ్ళీ తగిలించి, సెల్ఫ్ కొడుతూ వైరుని ఎంత ఊపినా ఆగకుండా మినుకుమంది.

స్టార్ట్ చేస్తే వినాయకుడు కదల్లేదు. కోడ్‌లు తుడిచేసి బోడసకుర్రు వంతెన దాకా వెళ్ళొచ్చాను, మూడో గేరులోనే ఎక్కింది. ఆ తర్వాత రావులపాలెం తిరుగుళ్ళూ పండగ తిరుగుళ్ళూ అన్నీ అయ్యాయి, స్కానరులో కొత్త కోడ్ ఏదీ లేదు. కాయిల్స్ ఒక్కటీ కొనలేదు. ప్లగ్గులు మాత్రం ఎలాగూ వాటి కిలోమీటర్లు దాటిపోయాయి, మసి కూడా పట్టాయి కాబట్టి మూడూ కొత్తవి వేశాను.

ఎలకలకి ఊళ్ళో తలా ఒక మందు చెప్పారు. కలరా ఉండలు మూటకట్టి బానెట్లో వేలాడదీయమని ఒకరు, పొగాకు కాడలు పెట్టమని ఇంకొకరు. కలరా ఉండల వాసన ఏసీలోంచి మా ముక్కులకి తగిలింది గాని ఎలకలు లెక్కచేసినట్టు లేదు. పనిచేసింది రెండే: కొబ్బరి రాశిని పాకలోంచి దొడ్డి చివరికి మార్చడం, చేలో ఎలకల్ని పట్టే బుట్టలు పెట్టే అతన్ని పిలిచి పాక చుట్టూ కూడా పెట్టించడం. రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచుతున్నాను. వెలుతురూ గాలీ తగిలే చోట ఎలక కాపురం పెట్టదంటారు, ఇప్పటివరకూ పెట్టలేదు.

పండగెళ్ళాక గ్యారేజీ ఆయన తనే ఫోన్ చేసి, "కాయిల్స్ తెప్పించమంటారాండీ?" అని అడిగాడు. జరిగింది చెప్పి, టాపెట్ కవర్ ప్యాకింగ్ ఒకటి తెప్పించి ఉంచమన్నాను. మూడో గుంతలో ఆయిల్ తడి ఇంకా అలాగే ఉంది.